ఏకరూప దుస్తులు ఎవరి బాధ్యత?

మనిషి కట్టిన బట్ట అతని కలిమిలేములను చాటుచుండును. బాలురు ఒకచోట చేరినపుడు ఆ భేదము కనబడకుండుటకే స్కౌటు ఉద్యమము ఏకరూప దుస్తులను స్వీకరించినది. కాని ఆ దుస్తులనే కొనలేని బిడ్డ గతి ఏమి? సమత్వమునకై ఏర్పరచిన వస్త్రము పేదవానికి అడ్డుగోడ యగుట ధర్మమా?

ఉద్యమము పుట్టిన తీరును గమనింపుడు. 1907 ఆగస్టులో ఇంగ్లండునందలి బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పవెల్ తొలి శిబిరమును నడపెను. సంపన్నుల విద్యాలయములలో చదువు బాలురును, సామాన్య కుటుంబముల బాలురును కలిసి సుమారు 20 మంది అందు పాల్గొనిరి. రుసుము అందరికిని ఒక్కటి కాదు. సంపన్నుల బిడ్డలకు ఒక పౌను, తక్కినవారికి మూడున్నర షిల్లింగులు. ఆనాడు పౌనునకు 20 షిల్లింగులు. అప్పటికి పూర్తి దుస్తుల నియమము లేదు. ఖాకీ స్కార్ఫు, ఇత్తడి బిళ్ల, దళమును తెలుపు రంగుముడి మాత్రమే వారి గుర్తులు. సొమ్ము శక్తికొలది, గౌరవము సమానముగ – ఇదియే నాటి పద్ధతి.

మన దేశమున భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ సంస్థ 1950లో ఏర్పడినది. నేడు బాలునికి బూడిదరంగు చొక్కా, ముదురు నీలిరంగు లాగు, టోపీ, స్కార్ఫు, బెల్టు, బూట్లు, మేజోళ్లు కావలెను. అనేక పాఠశాలలలో బడిదుస్తులను ప్రభుత్వమే ఇచ్చుచున్నను, ఇవి వేరుగా కొనవలసినవి. ఎదుగు పిల్లవానికి ఈ యేటి చొక్కా మరుయేటికి చాలదు. కూలిచేసి ఇద్దరు బిడ్డలను చదివించు తండ్రికి ఇది చిన్న భారము కాదు. ఇట్టి యింటి పిల్లవాడు "మేము కొనలేము" అని చెప్పడు. "నాకు ఇష్టము లేదండి" అని తప్పుకొనును. ఆ మాటను నమ్మి ఊరకుండు ఉపాధ్యాయుడు ఆ బిడ్డకు అన్యాయము చేసినవాడగును.

ఉచితముగా వచ్చినదానికి విలువ యుండదని కొందరందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. అయితే పదియేండ్ల బాలుని సంపాదన ఏపాటిది? సభలో దాతను వేదికపై నిలిపి, బిడ్డచేతికి బట్టలిచ్చి, ఫోటో తీయించుట మరియొక దోషము. అట్టి దానము ఒడలిని కప్పి మనసును నొప్పించును.

దుస్తులు బిడ్డవి గాక దళమువి కావలెను. చొక్కాలు, లాగులు, టోపీలు, బెల్టులు ఒక పెట్టెలో నుంచి, కలవారి బిడ్డలును లేనివారి బిడ్డలును అందుండియే తీసికొని, ఉతికి తిరిగి యిచ్చునట్లు చేయవలెను. చందా ఎవరి శక్తికొలది వారిదిగ నుండి, ఆ లెక్క ఉపాధ్యాయునికి మాత్రమే తెలియవలెను. అప్పుడు పుచ్చుకొనువాడని ఒకనిని వేలెత్తి చూపుటకు వీలుండదు. స్కౌటు నియమములలో మితవ్యయమును, తోటి స్కౌటును సోదరునిగ నెంచుటయు కలవు గదా!

"మరియొకడు తొడిగిన చొక్కా మా అబ్బాయి తొడుగునా?" అని కలిగిన తండ్రి అడుగవచ్చును. అన్న చొక్కా తమ్ముడు తొడుగుట మన యిండ్లలో ఎన్నడును తక్కువతనము కాలేదు. దళములోనివారు సోదరులని ప్రతిజ్ఞ చేయించి, చొక్కా దగ్గర వేరుపరచుట తగదు.

కావున విద్యాలయ నిర్వాహకులును, తలిదండ్రులును వచ్చు జూన్ మాసమున బడులు తెరచునాటికి ప్రతి దళమునకును ఇట్టి పెట్టె నొకదానిని సిద్ధపరతురు గాక. ఇంట పెద్దవాడు ఎదిగి విడిచిన చొక్కా యున్నచో దానితోనే మొదలుపెట్టవచ్చును.