బస్సెక్కిన పిల్లలు, లెక్కకెక్కిన ఆత్మలు

1975 మార్చి 16, ఆదివారం. అమెరికాలో షికాగో నగరాన్ని ఆనుకుని ఉన్న కార్మికుల పట్టణం హామండ్. అక్కడి ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి ఆ రోజు తన సండే స్కూలు హాజరు 30,560 అని ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో టైమ్ పత్రిక ఆ చర్చి గురించి రాస్తూ, మామూలు ఆదివారాల్లో అక్కడికి వచ్చేవాళ్లు 14,000కు కాస్త తక్కువని చెప్పింది. 230 బస్సులు, వాటి వెంట 1,000 మంది కార్యకర్తలు. ఒక్కో ఆదివారం 10,000 మంది దాకా ఆ బస్సుల్లోనే వచ్చేవారు. మార్చి 16 నాటి అంకె వెనుక మరో పెద్ద చర్చితో పెట్టుకున్న హాజరు పోటీ ఉంది.

ఆ రెండు అంకెల మధ్య తేడా పదహారు వేల పైమాటే. ఒక్క ఆదివారం వచ్చి మళ్లీ కనిపించని అంతమందిని చర్చి ‘వచ్చినవాళ్లు’గా లెక్క వేసుకోవచ్చా?

పిల్లల్ని బస్సుల్లో చర్చికి తెచ్చే ఈ బస్సు పరిచర్య నడిచే తీరు తెలిస్తేగానీ ఈ ప్రశ్న బరువు తెలియదు. ఇందులో అసలు పని ఆదివారంది కాదు, శనివారంది. ఒక్కో రూటుకు ఒక బస్ కెప్టెన్ ఉంటాడు. శనివారం పొద్దున్నే తన వీధుల్లో ఇల్లిల్లూ తిరుగుతాడు. కిందటి వారం రాని పిల్ల ఎందుకు రాలేదో కనుక్కుంటాడు, వీధిలో కొత్తగా దిగిన కుటుంబాన్ని పలకరిస్తాడు, రేపు ఎన్ని గంటలకు బస్సు వస్తుందో తల్లికి చెప్పి ఒప్పిస్తాడు. బడులు వాడి తీసేసిన పసుపు బస్సులు చవగ్గా దొరికేవి. కారు లేనివాడు ఎక్కడికీ కదల్లేని దేశంలో, ఆదివారం పొద్దున తల్లిదండ్రులు పనిలోనో నిద్రలోనో ఉండే పేటల్లో, పిల్లల్ని తీసుకురావాలంటే బస్సు పంపడం ఒక్కటే దారి. 1959లో టెక్సస్ నుంచి హామండ్‌కు పాస్టర్‌గా వచ్చిన జాక్ హైల్స్ ఈ పద్ధతిని అందరికంటే పెద్ద ఎత్తున నడిపారు. వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో జెర్రీ ఫాల్వెల్ చర్చి కూడా ఇదే బాట పట్టింది. 1969లో ఎల్మర్ టౌన్స్ అమెరికాలోని పది అతి పెద్ద సండే స్కూళ్ల మీద పుస్తకం తెచ్చాక, ఆ జాబితాలో చోటు సంపాదించడమే చాలామంది పాస్టర్లకు లక్ష్యమైంది.

చర్చికి రాని ఇళ్ల పిల్లల్ని పిలుచుకురావడం కొత్త సంగతేం కాదు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూలు మొదలుపెట్టిందే, వారంలో ఆరు రోజులూ పనిచేసి ఏడో రోజు వీధుల్లో తిరిగే పిల్లల కోసం. వాళ్లకు అక్కడ చదవడం నేర్పేవారు. ఆ బడి నుంచి పిల్లవాడు అక్షరాలతో ఇంటికి వెళ్లేవాడు. బస్సు దిగిన పిల్లవాడు ఏం పట్టుకుని ఇంటికి వెళ్తున్నాడన్నది ఈనాటి పరిచర్యనూ అడగాల్సిన ప్రశ్నే.

ఈ పరిచర్య ఎక్కువగా ఆధారం చేసుకునే వాక్యం లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. విందు సిద్ధం చేసిన యజమాని, పిలిచినవాళ్లు రాకపోయేసరికి దాసుణ్ణి దారుల్లోకి, కంచెల్లోకి పంపి, కనిపించినవాళ్లను బలవంతం చేసైనా లోపలికి తెమ్మంటాడు. ఈ ఒక్క మాట చుట్టూ క్రైస్తవ చరిత్రలో చాలా కన్నీళ్లు ఉన్నాయి. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్ అగస్టీన్ మొదట్లో విశ్వాసం విషయంలో బలవంతం కూడదన్నవాడే. చర్చి నుంచి చీలిపోయిన డోనటిస్టు వర్గంతో తగవు ముదిరాక మనసు మార్చుకుని, దాదాపు 408లో రాసిన ఉత్తరంలో ఈ విందు కథనే ఆధారం చేసుకుని, ప్రభుత్వ బలంతో వాళ్లను చర్చిలోకి తేవడాన్ని సమర్థించాడు. ఆ సమర్థన శతాబ్దాల పాటు రాజుల చేతిలో ఆయుధమైంది. ఫ్రాన్సులో 14వ లూయీ ప్రొటెస్టెంట్ల హక్కులు రద్దు చేసిన 1685లోనే, ప్రొటెస్టెంటు తత్వవేత్త పియెర్ బేల్ అన్నయ్య జైల్లో ప్రాణాలు విడిచాడు. రోటర్‌డామ్‌లో తలదాచుకున్న బేల్ మరుసటి ఏడాది సరిగ్గా ఈ వాక్యం మీదే ఒక గ్రంథం వెలువరించాడు. నమ్మకం లోపల పుట్టేది, బయటి ఒత్తిడి నటనను మాత్రమే పుట్టించగలదు అన్నది అతని వాదన సారాంశం.

బస్సు పంపేవాళ్ల దగ్గర కత్తి లేదు. చాక్లెట్ ఉంది. ఎక్కువమందిని తెచ్చిన పిల్లలకు బహుమతులు, సీటు కింద దాచిన నోట్లు, ఉచితంగా హాంబర్గర్లు. పెద్దవాడికి ఇది చిన్న ఆశే. ఎనిమిదేళ్ల పిల్లకు, అందులోనూ ఇంట్లో తిండి సరిగా లేని పిల్లకు, ఇది చాలా పెద్ద బలం. అలాగని మిఠాయి పంచడమే పాపం అనడం కఠినమైన మాట అవుతుంది. యోహాను సువార్త 6వ అధ్యాయంలో యేసు ముందు జనానికి కడుపు నింపాడు, మర్నాడు వెతుక్కుంటూ వచ్చినవాళ్లతో, మీరు వచ్చింది రొట్టెల కోసమేనని ముఖం మీదే చెప్పాడు. ఆ అధ్యాయం చివరికి వచ్చేసరికి చాలామంది వెళ్లిపోయారు. ఆయన వాళ్లను ఆపడానికి మళ్లీ రొట్టెలు పంచలేదు. హాజరు పెంచడం గురించి చెప్పే ఏ శిక్షణ తరగతిలోనైనా ముందుగా చదవాల్సిన అధ్యాయం ఇదే.

వచ్చినవాళ్లు రొట్టె కోసం వచ్చారా, విశ్వాసంతో వచ్చారా అన్న ఈ పరీక్షను ఎదుర్కొన్న ఒక అమెరికన్ బాప్టిస్టు మన ఒంగోలులోనే ఉండేవారు. 1876–78 నాటి మహా కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా, కరువు పనులు సాగినంత కాలం ఇవ్వలేదు. కూలి కోసం, గంజి కోసం వచ్చినవాళ్లెవరో, విశ్వాసంతో వచ్చినవాళ్లెవరో తేల్చడం తన వల్ల కాదని ఆయనకు తెలుసు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. హామండ్ అంకెతో పోలిస్తే ఇది చిన్నది. కానీ దాని వెనుక, అంకెను పెంచే అవకాశం చేతిలో ఉండి కూడా ఆగిన కాలం ఉంది. ఆ ఆగడమే ఆ అంకెకు విలువ తెచ్చింది.

లెక్క పెట్టడం తప్పు కాదు. రిజిస్టరు లేకపోతే రాని పిల్ల రాలేదని కూడా తెలియదు. అయితే దావీదు రాజు జనాభా లెక్క తీయించడం పాపమని రెండవ సమూయేలు గ్రంథం చెబుతుంది. సేనాపతి యోవాబు వద్దంటున్నా వినకుండా, తన బలమెంతో చూసుకోవాలన్న కోరికతో తీయించిన లెక్క అది. హాజరు పుస్తకాన్నీ రెండు రకాలుగా చదవొచ్చు. పాస్టర్ల సమావేశంలో చెప్పుకోవడానికి చదివితే కింద ఉన్న మొత్తం కనబడుతుంది. శనివారం ఏ తలుపు తట్టాలో తెలుసుకోవడానికి చదివితే పేర్లు కనబడతాయి.

పేర్లు చదివినవాళ్లలో బిల్ విల్సన్ ఒకరు. ఫ్లోరిడాలో చిన్నతనంలోనే తల్లి ఆయన్ను వీధి మూల వదిలి వెళ్లిపోయింది. దారిన పోయే ఒక క్రైస్తవుడు ఆగి, తిండి పెట్టి, తన ఖర్చుతో పిల్లల శిబిరానికి పంపించాడు. ఆ పిల్లవాడే పెద్దయ్యాక 1980లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, అప్పటికి శిథిలమైపోయిన బుష్‌విక్ పేటలో సండే స్కూలు పెట్టి బస్సులు నడిపారు. పిల్లల ఇళ్లకు వారం వారం వెళ్లి పలకరించడం ఆ సంస్థలో తప్పనిసరి పని. అక్కడ హాజరు పెరిగిందంటే, ఆ నియమమే దానికి ముఖ్య కారణం.

పిల్లను బస్సెక్కించిన క్షణం నుంచి ఆమె ప్రాణం చర్చి బాధ్యత. 1988 మే 14న కెంటకీలోని రాడ్‌క్లిఫ్ పట్టణ చర్చి బస్సు వినోద పార్కు నుంచి పిల్లల్ని తీసుకుని తిరిగి వస్తుండగా, కారల్టన్ దగ్గర తాగిన మైకంలో ఒక డ్రైవరు ఎదురుదారిలో నడుపుకొచ్చిన పికప్ దాన్ని ఢీకొంది. ఇంధన ట్యాంకు చిల్లుపడి మంటలు లేచాయి. 27 మంది చనిపోయారు. వాళ్లలో 24 మంది పిల్లలు, కుర్రవాళ్లు. అది బడి వాడి వదిలేసిన పాత బస్సు. ట్యాంకుకు రక్షణ కవచం ఉండాలన్న నిబంధన 1977 ఏప్రిల్ 1న అమల్లోకి రాగా, దాని చాసిస్ కొద్ది రోజుల ముందే తయారైంది. చవగ్గా దొరికే బస్సుల మీద నిలబడిన పరిచర్య ఈ సంగతి మరిచిపోకూడదు. ప్రమాదాలు ఒక్క రోడ్డు మీదే ఉండవు. ఆ హామండ్ చర్చికే తర్వాతి రోజుల్లో పాస్టర్‌గా ఉన్న వ్యక్తికి, మైనర్ బాలికపై నేరం కేసులో 2013లో ఫెడరల్ కోర్టు 12 ఏళ్ల జైలుశిక్ష వేసింది. కెప్టెన్ మాట నమ్మి తల్లి పిల్లను పంపే చోట పెద్దల నడతపై నిఘా, ఒంటరిగా పిల్లలతో ఎవరూ ఉండకూడదన్న నియమం, బస్సు బ్రేకుల తనిఖీ, ఇవన్నీ ప్రార్థనంత పవిత్రమైన పనులే.

ఇంధనం ధర, బీమా ఖర్చు పెరగడం, 1992 నుంచి పదహారు మంది, అంతకంటే ఎక్కువమంది పట్టే బండి నడపాలంటే వాణిజ్య లైసెన్సు తప్పనిసరి కావడం, వీటితో చాలా చర్చిలు పెద్ద బస్సులు మానేశాయి. విల్సన్ బృందం మాత్రం మరో దారి కూడా తెరిచింది. ఒక పక్క తలుపు కిందికి దించితే వేదికైపోయే ట్రక్కును వీధిలోకే తీసుకెళ్లి, పిల్లల్ని పేవ్‌మెంట్ మీదే కూర్చోబెట్టి పాఠం చెబుతారు. ఈ పద్ధతి తర్వాత వేరే దేశాలకూ వెళ్లింది. ఇందులో పిల్లను ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్లరు. ఆమెకు ఏం చెబుతున్నారో తల్లి తన గుమ్మంలోంచే వినొచ్చు, నచ్చకపోతే అప్పటికప్పుడు పిల్లను ఇంట్లోకి పిలుచుకోవచ్చు.