ఉపవాసము – లంఘనము

ఓరుగల్లు మట్టెవాడలో వెలసిన స్వామి భోగేశ్వరుడు. భోగములకు ఈశ్వరుడైన ఆ దేవుని పేర శివరాత్రినాడు అన్నము మానుట విచిత్రముగా తోచవచ్చును. కాని భోగమును ఏలువాడే దానిని విడువగలడు.

శరీరములోని విషములను కడిగివేయుటకని దినముల తరబడి పండ్లరసములతోనే గడుపు పద్ధతి యొకటి ‘డిటాక్స్’ అను పేర వ్యాపించినది. ఆ పనిని కాలేయము, మూత్రపిండములు ఎవరును అడుగకయే రేయింబవళ్లు చేయుచున్నవి. అయినను ఆహారమునకు విరామమీయవలెనన్న తలంపు మంచిదే. చరకసంహిత సూత్రస్థానము 22వ అధ్యాయము లంఘనమును 10 విధములుగా చెప్పినది. అందు ఉపవాసమొకటి, వ్యాయామమొకటి. కృశించినవానికి బృంహణము, అనగా పోషణమే చికిత్స యని ఆ అధ్యాయమే పలికినది. ఏకాదశి విషయమున ధర్మశాస్త్రకారులును 8 ఏండ్లలోపు బాలురను, 80 నిండిన వృద్ధులను విడిచిపెట్టిరి. మధుమేహమునకు మందు పుచ్చుకొనువారు వైద్యుని అడుగక పస్తుండుట వ్రతమెట్లగును? ఏకాదశినాడు అట్లతో, ఉప్మాతో కడుపు నింపుకొనువారి మాట చెప్పనే అక్కరలేదు.

దేహముకొరకు మానిన అన్నము ఉపవాసమగునా? ఉప యనగా సమీపమున, వాసమనగా ఉండుట. ఎవరి సమీపమున? అద్దము సమీపమున నిలిచి, తూనికయంత్రమెక్కి దిగుచుండువాడు లంఘనము చేసినవాడే గాని ఉపవసించినవాడు కాడు. అది తప్పు కాదు, దేహరక్షణమును ధర్మమే. అయితే ఆ పూట మిగిలిన బియ్యము, పిడికెడైనను, కోరకయే పస్తున్న పొరుగింటికి చేరినచో ఈ రెంటికిని నడుమ దూరము చాలవరకు తగ్గును.