మొగమాటపు వెల

గృహిణి స్వయముగా ధనార్జనము చేయవచ్చునా యను వాదము నేటికి దాదాపుగా తీరినది. ఆ ధన మే త్రోవను వచ్చుచున్నదను విచారము మాత్రము మిగిలియున్నది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వంటి పట్టణములలో స్త్రీలు ఇంటనుండియే ముఖమునకు పూయు క్రీములును, తలనూనెలును, సబ్బులును అమ్ముచున్నారు. దుకాణమునకు అద్దె లేదు; బిడ్డలను విడిచి పోనక్కరలేదు. ఈ స్వావలంబనమును మేము మనసార మెచ్చుకొనుచున్నాము.

కాని కొనువా రెవరు? పొరుగింటి వదినగారు, ఆడపడుచు, పేరంటమునకు వచ్చిన స్నేహితురాలు. వారు వెల యిచ్చునది సరకు గుణమునకా, మొగమాటమునకా? వద్దనలేక కొన్న సీసా మూత తీయకయే అలమారులో నుండిపోయినచో, ఆ లాభము స్నేహమునుండి తీసిన యప్పే యగును.

ఇంతకంటె గొప్ప దోషము వేరొకటి కలదు. సరకు అమ్మినందులకు గాక, తన క్రింద మనుష్యులను చేర్చినందులకు ధనమిచ్చు పద్ధతిలో, పైవారి లాభము క్రిందివారి యాశనుండియే పుట్టును. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చుచు పోయినచో ఏడవ వరుసకు 2,79,936 మంది కావలెను. సూర్యాపేట పట్టణ మంతయు చాలదు గదా! కావుననే 1978 నాటి చట్టము ఇట్టి ద్రవ్యచలన పథకములను నిషేధించినది. 2021 నాటి నిబంధనలు ప్రత్యక్ష విక్రయమున గొలుసుకట్టు పద్ధతి కూడదని శాసించినవి.

అయినను మొగమాటమును విచారించు న్యాయస్థానము లేదు. అచ్చట మనస్సాక్షియే తీర్పరి. వద్దన్న వదినగారిని మునుపటి యాదరముతోనే సాగనంపగలిగిన గృహిణి సంపాదనము, అది పది రూపాయలే యైనను, నిష్కళంకమని మా యభిప్రాయము.