అనుమానం నెట్‌వర్కులో, నిర్దోషిత్వం జేబులో

పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల గేటు దగ్గర నిలబడి "ఖాజా భాయ్" అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు. మా పేర్లు అలాంటివి. ఇంట్లో ఉర్దూలో రాసుకుంటాం, దక్కనీలో పిలుచుకుంటాం, స్టేషన్ రైటర్ తెలుగులో రాస్తాడు, కంప్యూటర్లోకి ఇంగ్లీషులో ఎక్కుతుంది. మహమ్మద్ 'ఎండీ' అవుతాడు, షేక్ 'షైక్' అవుతాడు. ఒక మనిషి నలుగురవుతాడు, నలుగురూ ఒకడైపోతారు. రికార్డు సంగారెడ్డి స్టేషన్ బీరువాలో ఉన్నన్నాళ్లు ఆ తికమక ఊళ్లోనే తేలిపోయేది. ఏ ఖాజా ఎవరి కొడుకో రైటర్‌కు తెలుసు.

ఇప్పుడు బీరువాకు తలుపుల్లేవు. ముంబై దాడుల మరుసటి ఏడు, 2009లో, కేంద్రం సీసీటీఎన్ఎస్‌ను ఆమోదించి దేశంలోని స్టేషన్లను ఒకే నెట్‌వర్కులోకి తెచ్చే పని మొదలుపెట్టింది. తర్వాత ఐసీజేఎస్ వచ్చి పోలీసు, కోర్టు, జైలు, ఫోరెన్సిక్, ప్రాసిక్యూషన్ ఐదింటినీ కలిపింది. తెలంగాణలో 2018 నుంచి టీఎస్‌కాప్ యాప్ పాత కేసుల చిట్టాను పోలీసు చేతి ఫోన్‌లోకే తెచ్చింది. ముఖాలు పోల్చే సదుపాయమూ అందులో చేరింది. దొంగ దొరికితే నాకూ సంతోషమే. తప్పిపోయిన పిల్లలు దొరికితే మరీను.

తప్పు చేయనివాడికి భయమెందుకని సెక్యులర్ మిత్రులు అడుగుతుంటారు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. ఆ తర్వాత ఎందరో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. వాళ్లను కోర్టులు నిర్దోషులన్నాయి. ప్రభుత్వం నష్టపరిహారమిచ్చింది, దాంతోపాటు మంచివాళ్లేనంటూ సర్టిఫికెట్లూ ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. డబ్బు సంగతి వదిలేయండి. కోర్టు తీర్పు చేతిలో ఉన్నవాడికి మళ్లీ మంచివాడనే సర్టిఫికెట్ ఎందుకు కావలసివచ్చింది? తీర్పు చాలలేదన్నమాట. అనుమానాన్ని రాజ్యం తన ఖర్చుతో మోస్తుంది. నిర్దోషిత్వాన్ని మాత్రం మనిషే మడతపెట్టి జేబులో మోసుకు తిరగాలి, ఫ్యాక్టరీలో సెక్యూరిటీ పనికి వెరిఫికేషన్ అడిగిన ప్రతిసారీ తీసి చూపాలి.

ఇది మా ఒక్కరి గోడు కాదు. నేరస్త తెగల చట్టం పుణ్యమా అని ఎరుకలవాళ్లు పుట్టుకతోనే రిజిస్టర్లోకి ఎక్కారు. చట్టం పోయినా చూపు పోలేదు. బీహార్, ఒడిశాల నుంచి వచ్చి ఈ పారిశ్రామికవాడలో అద్దెగదుల్లో ఉండే కూలీని అడగండి, కార్డన్ సెర్చ్ అంటే ఏమిటో చెబుతాడు.

మన గురించి రాసింది తప్పయితే దిద్దమనే హక్కు 2023 నాటి డేటా రక్షణ చట్టంలో రాశారు. నేరాల నివారణకూ దర్యాప్తుకూ వాడే సమాచారానికి మాత్రం ఆ హక్కు వర్తించదని అదే చట్టం మినహాయించింది. ఎక్కడ తప్పు పడితే బతుకు పోతుందో సరిగ్గా అక్కడే! హిస్టరీ షీట్లలో బడుగుల పేర్లు యాంత్రికంగా ఎక్కించే తీరును సరిచూసుకోమని 2024 మేలో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. ఐసీజేఎస్‌లో కోర్టూ ఒక భాగమే కదా. నిర్దోషి అని తీర్పు వెలువడిన సాయంత్రానికే పటాన్‌చెరు స్టేషన్ తెరమీద ఆ మాట కనిపించాలని ఎందుకు ఆజ్ఞాపించరు? ఆ ఖాజా ఈ ఖాజా కాదని దిద్దే గుమస్తా ఎవరు, ఆయన పేరేమిటి, ఎక్కడ కూర్చుంటాడు?