వెల చెల్లించినంత మాత్రమున వృథా చేయవచ్చునా?

"బిల్లు నేను కట్టుచున్నాను, దీపము వెలిగించినను ఆర్పినను నా ఇష్టము" అను మాట అనేక గృహములలో వినవచ్చుచున్నది. వెల చెల్లించిన గృహస్థుడు ఇక ఎవరికిని ఋణపడియుండడను భావము ఇందులో ఇమిడియున్నది. ఇది ఎంతవరకు ధర్మసమ్మతమో విచారింపవలెను.

మన దేశమున విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గునుండియే లభించుచున్నది. బొగ్గు కేంద్రములో ఒక యూనిట్ ఉత్పత్తికి సుమారు 700 గ్రాముల బొగ్గు కాలిపోవును. సింగరేణి గనులలో కార్మికులు చెమటోడ్చి తీసిన బొగ్గు రామగుండము వంటి చోట్ల బూడిదయగుచున్నది. మనము కట్టు సొమ్ము ఆ శ్రమకు కూలి కావచ్చును గాని, కాలిన బొగ్గును భూగర్భమునకు చేర్చలేదు. వెలువడిన పొగను మరలింపలేదు. బియ్యము కొన్నవాడైనను విస్తరిలో అన్నము పారవేసినచో పెద్దలు మందలింతురు. విద్యుత్తు విషయమున మాత్రము ఆ న్యాయము ఏల మారవలెను?

60 వాట్ల పాత బల్బు దినమునకు 5 గంటలు వెలిగినచో ఏడాదికి సుమారు 110 యూనిట్లు ఖర్చగును. ఇంచుమించు అంతే వెలుగునిచ్చు 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బునకు 16 యూనిట్లు చాలును. ఒక్క దీపము వలననే ఏటా దాదాపు 65 కిలోల బొగ్గు మిగులును. అయితే, తక్కువ ఖర్చే గదా యని దానిని రేయింబవళ్లు వెలుగనిచ్చువాడు బల్బును మార్చెనే గాని బుద్ధిని మార్చుకొనలేదు.

పొదుపు పిసినారితనము కారాదు. వడగాడ్పుల వేళ ముదుసలి తల్లి గదిలో ఫ్యాను ఆపుట మితవ్యయము గాదు, నిర్దయ. అవసరమును కాదనుట వేరు, అక్కరలేని దానిని మానుట వేరు. అట్లే మిద్దెపై తెల్లసున్నము పూయించినచో ఇంటిలోని వేడిమి తగ్గును; కాని ఆ పని ఇల్లుగలవాని చేతిలోనిది. వేడిని, బిల్లును భరించువాడు అద్దెకున్నవాడు. తన జేబునకు నష్టము లేదని ఇల్లుగలవాడు ఊరకుండుట న్యాయమా? భక్తుల కానుకలతో బిల్లు చెల్లించు మఠములకును ఈ ప్రశ్న వర్తించును. ఖర్చు పరులదైనప్పుడే మనిషి వివేకమునకు నిజమైన పరీక్ష.

కాయకమును పూజ్యముగా నెంచువారి యింట పరుల కాయకఫలము వ్యర్థముగా కాలిపోరాదు. గదిని వీడునప్పుడు మీట నొక్కుట చిన్న పనియే. ఆ క్షణమున కంటికి కానరాని శ్రామికుని తలచుకొనుటయే అందలి ధర్మము.