ఒంటి రంగుకి వంశమెక్కడిది?

అనకాపల్లి బెల్లం మార్కెట్లో రుచి కంటే ముందు రంగు చూస్తారు. పసుప్పచ్చగా మెరిసే దిమ్మ మొదటి రకం. నలుపెక్కిన కొద్దీ రకం దిగుతుంది, రేటు దిగుతుంది. నేలనుబట్టి, చెరకునుబట్టి, పాకం కాగిన తీరునుబట్టి రంగు మారుతుంది. అది రైతు తప్పు కాదు. అయినా నష్టం రైతుదే. అందుకే పెనంలో హైడ్రోస్ పడుతుంది. మోతాదు మించితే ఆ గంధకపు మందు తినేవాడికి చేటని రైతుకి తెలుసు. కానీ కొనేవాడి కన్ను తెలుపునే అడుగుతోంది. ఇక నల్లబెల్లం సంగతి మరీ అన్యాయం. దాన్ని చూస్తే చాలు, సారా బట్టీ గుర్తొస్తుంది. ఎక్సైజు వాళ్ల అనుమానం దానిమీదే.

రంగునిబట్టి ధర, రంగునిబట్టి అనుమానం. ఈ లెక్క మాకెవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు. మా ఇళ్లల్లో రిష్తా మాట వచ్చిన ప్రతిసారీ ఇదే తూకం బయటికొస్తుంది.

నాకు రెండు భాషలున్నాయి. రెండూ ఈ విషయంలో ఒక్కటే. ఉర్దూలో తెల్లటి పిల్లని "రంగ్ సాఫ్ హై" అంటారు. సాఫ్ అంటే శుభ్రం. మరి నల్లటి పిల్ల? మురికా? ఆ మాట నోటితో అనరు, "దబ్తా హువా రంగ్" అంటారు, అణిగిన రంగని. తెలుగులో "కాస్త రంగు తక్కువ" అంటారు. నలుపు రంగే కానట్టు, ఆ పిల్లకి దేవుడు కొలిచి పోసేటప్పుడు చెయ్యి వెనక్కి తీసినట్టు! "రంగు తక్కువేగానీ పిల్ల మంచిది" అనే మాటలో ఆ "గానీ" ఉంది చూడండి, అది ఒక ఆడపిల్ల చదువునీ, నడతనీ, పనితనాన్నీ ఒక్క దెబ్బకి పక్కకి తోసేస్తుంది. ఆ తర్వాత జోడేకి రఖం పెరుగుతుంది. తక్కువైన రంగుని తండ్రి రూపాయలతో పూడ్చాలి.

ఇది మా ఒక్కళ్ల జబ్బేం కాదు. నల్లటి రాముణ్ణి, నల్లటి కృష్ణుణ్ణి కొలిచే ఇరుగుపొరుగు కూడా కోడలు ఎర్రగా బుర్రగా ఉండాలనే కోరుకుంటారు. కానీ మాలో దీనికి మరో మెలిక ఉంది. మా దగ్గర రంగు అందం లెక్క మాత్రమే కాదు, వంశం లెక్క కూడా. తెల్లగా, ముక్కు సూటిగా ఉంటే అరబ్బు నుంచో ఇరాన్ నుంచో వచ్చిన ఖాందాన్ అని చెప్పుకోవచ్చు. నల్లగా ఉంటే తాత ముత్తాతలు ఇక్కడివాళ్లని, ఏ కులం నుంచో కలిమా చదివి వచ్చారని ముఖమే చెప్పేస్తోందని భయం. అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అనే తేడాల గురించి 2006లో సచార్ కమిటీ నివేదిక కూడా రాసింది. దూదేకుల, హజామ్, ఫకీర్ ఇళ్లవాళ్లకి ఆ నివేదిక చదవాల్సిన పనిలేదు. దస్తర్‌ఖాన్ దగ్గర, రిష్తా దగ్గర వాళ్లకి ఎప్పుడో తెలుసు.

ఇంట్లో ఇలా ఉంటే, బయట ఇంకోలా ఉంటుంది. "మీరు ముస్లింలా కనిపించరే!" ఈ మాట వినని నల్లటి తెలుగు ముస్లిం ఉండడు. అన్నవాళ్లు మెచ్చుకున్నామనే అనుకుంటారు. వాళ్ల మనసులో ముస్లిం అంటే సినిమాలో చూసిన పఠాన్. తెల్లగా, గడ్డంతో, సుర్మా కళ్లతో ఉండాలి. ఇంట్లోవాళ్లకి మేం చాలినంత ఖాందానీ కాదు. బయటివాళ్లకి చాలినంత ముస్లిం కాదు. ఒకే చర్మం రెండు చోట్లా దొంగ సరుకైపోయింది.

మతం ఏమంది? మనుషుల భాషల్లో, రంగుల్లో ఉన్న తేడాలు అల్లా నిదర్శనాలంటుంది ఖురాన్. తెలుపుకి నలుపు మీద ఏ ఆధిక్యమూ లేదని ప్రవక్త తన చివరి హజ్ ప్రసంగంలో చెప్పారు. మక్కా గెలిచిన రోజున కాబా మీదికెక్కి అజాన్ ఇచ్చింది హబ్షీ బానిసగా బతికిన బిలాల్. అది 630లో. జుమ్మా బయాన్‌లో బిలాల్ కథ విని కళ్లు తుడుచుకుంటాం. ఇంటికొచ్చి పిల్ల ఫోటో తిరిగి పంపిస్తాం. బిలాల్ దూరంలో ఉన్నంతకాలం గౌరవమే. ఇంటి అల్లుడుగా వస్తానంటే? హైదరాబాద్ ఏసీ గార్డ్స్ పేరులో ఆఫ్రికన్ కావల్రీ ఉంది. నిజాం కొలువులో గుర్రమెక్కిన సిద్దీల వారసులు ఇంకా అక్కడున్నారు. 2007 నాటి బీసీ-ఇ జాబితాలో సిద్దీల పేరూ ఉంది. మా సభల్లో, మా సావనీర్లలో వాళ్ల ముఖాలు ఎన్నిసార్లు కనిపించాయి?

మసీదులో చెప్పిన సమానత్వం ఇంటి గడప దగ్గర ఆగిపోతే, ఆ ఖాళీలోకి బజారు వస్తుంది. ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో 1975లో వచ్చింది. 2020లో పేరులోంచి ఫెయిర్ తీసేసి గ్లో పెట్టారు. పేరు మారింది, కోరిక మారలేదు. పేరూ ఊరూ లేని క్రీములు ఇంకా ప్రమాదం. కేరళలో ముస్లింలు ఎక్కువగా ఉండే మలప్పురం జిల్లాలో, కోట్టక్కల్ డాక్టర్లు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబర్ దాకా ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వాళ్లలో 15 మందిది ఒక అరుదైన తరహా. ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు రాసినవాళ్లే. అలాంటి క్రీముల్లోని పాదరసం చర్మం దాటి మూత్రపిండాల దాకా పోతుంది. ముఖం మీద మొదలైన అవమానం కిడ్నీలో తేలింది.

ఈ పిల్లలకి మనమిచ్చే సలహా ఏమిటి? "నిన్ను నువ్వు ప్రేమించుకో." మంచి మాటే. కానీ ఎవరితో చెబుతున్నాం? మూడు రిష్తాలు తిరిగిపోయిన పిల్లతో. ఆమె అజ్ఞాని కాదు. బజారు రేటు మనకంటే బాగా చదివింది. హైడ్రోస్ వేసే రైతుని తిట్టి, పచ్చ దిమ్మే కొనుక్కెళ్లేవాణ్ణి ఏమీ అనకపోవడం ఎలాంటి న్యాయమో, క్రీము రాసుకునే పిల్లకి బోధ చేసి, రంగు అడిగే అత్తగారిని వదిలెయ్యడం అలాంటి న్యాయమే. "ఆమె ముఖం, ఆమె ఇష్టం" అనేవాళ్లూ ఉన్నారు. ఇష్టమే అనుకుందాం. తెల్లటి పిల్లలెవరూ నల్లబడే క్రీము కోసం ఎందుకు వెతకరు? అందరి ఇష్టమూ ఒకే దిక్కుకి పారుతుంటే అక్కడ నేల వాలి ఉన్నట్టు.

ఒంటితో రాజీ పడటమంటే అద్దం ముందు ఒంటరిగా చేసే సాధన కాదంటాను. ఒంటిని తూకం మీంచి దించడం. ఆ పని తూచేవాళ్లు చెయ్యాలి. మా విషయంలో ఇంకో పని కూడా ఉంది. మా తాతలు ఇక్కడివాళ్లే అని సిగ్గుపడకుండా చెప్పుకోవడం. శారదా నది నీళ్లు తాగి, చెరకు నరికి, దూదేకి, బండి తోలి ఈ ఎండలో నల్లబడ్డవాళ్లే మావాళ్లు. కలిమా చదివారు, ఉన్న ఊళ్లోనే ఉన్నారు. ఇందులో దాచుకోవాల్సిందేముంది?

అయితే ఒక జాగ్రత్త. "మా నలుపు చూడండి, మేం ఈ మట్టివాళ్లమే" అని ఎవరికో రుజువు చూపించే పనికి కూడా చర్మాన్ని వాడకూడదు. అలా వాడితే మాలో తెల్లగా ఉన్నవాడు పరాయివాడైపోతాడు. ఈ దేశంలో ఉండటానికి నలుపూ సర్టిఫికెట్ కాదు, తెలుపూ నేరం కాదు. ఒళ్లు ఎవరికీ చూపించాల్సిన కాగితం కాదు.

మొదలుపెట్టడానికి పెద్ద ఉద్యమమేం అక్కర్లేదు. ఈసారి పిల్లవాడి తరఫున రిష్తాకి వెళ్లే అమ్మీలు, ఖాలాలు, ఫుప్పూలు ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా రావాలి. అడిగితే పక్కనున్న మగవాళ్లు చాయ్ తాగుతూ నేల చూపులు చూడకుండా, "అది మనకెందుకు?" అనాలి. ముందు పెళ్లికొడుకే అనాలి. లోపలి గదిలో కర్టెన్ వెనక నిలబడ్డ పిల్ల ఆ మాట వింటుంది.