దారిచ్చిన రాజు

మహాభారతంలో ఒక రోడ్డు తగాదా ఉంది. ఆదిపర్వంలో అంగారపర్ణుడనే గంధర్వుడు అర్జునుడికి చెప్పే కథ. వేటాడి అలసి వస్తున్న కల్మాషపాద మహారాజుకు, ఇద్దరు పట్టని ఇరుకు దారిలో వసిష్ఠుడి కొడుకు శక్తి మహర్షి ఎదురయ్యాడు. తప్పుకోమన్నాడు రాజు. దారి నాది, నువ్వే తప్పుకోవాలన్నాడు ముని. మాటా మాటా పెరిగింది. రాజు కొరడాతో కొట్టాడు, ముని రాక్షసుడివి కమ్మని శపించాడు. తర్వాత సంగతి మీకు తెలిసిందే. రాక్షసుడైన రాజు మొదట మింగింది శక్తినే.

పురాణం చెప్పేవాళ్లు దీన్ని కోపం గురించో, వసిష్ఠుడి మీద విశ్వామిత్రుడి పగ గురించో చెబుతారు. మదనపల్లె నుంచి కదిరి వైపు రోడ్డెక్కిన ప్రతిసారీ నాకు మాత్రం ఇది అచ్చంగా దారి కథగానే తోస్తుంది. అప్పటి శాస్త్రం ప్రకారం శక్తి అన్నదాంట్లో తప్పు లేదు. న్యాయం ఆయన పక్షానే ఉంది. అయినా ముందు పోయింది ఆయనే. బలమున్న రాజు బతికాడు గానీ పన్నెండేళ్లు శాపం మోశాడు. శక్తి భార్య అదృశ్యంతి కడుపులో ఉన్న పరాశరుడు తండ్రి మొహం చూడకుండా పుట్టి, తాతనే నాన్న అనుకుని పెరిగాడు. ఇద్దరిలో ఎవరు ఒక్క అడుగు పక్కకు వేసినా ఆ కథ అక్కడే ఆగేది.

కురబలకోట మండలంలోని అంగళ్లు దగ్గర కాలేజీలు వదిలే వేళ కాసేపు నిలబడి చూడండి. ఆ ఇద్దరూ కనిపిస్తారు. కారులో ఉన్నవాడికి వెనక నుంచి హారన్ మోగిస్తే ముందున్న బైకు గాలిలో కలిసిపోవాలి. బైకు మీదవాడికేమో కారుకూ గట్టుకూ మధ్య మూరెడు సందు దొరికితే చాలు, ఎడమ పక్క నుంచి దూరిపోవాలి. అర మైలు ముందుకు పోయి తిరిగి రావడం బరువై రాంగ్ రూట్లో ఎదురొచ్చేవాడు, సోకు తగ్గుతుందని అద్దాలు ఊడదీసేవాడు, హెల్మెట్‌ను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టి పోలీసును చూశాక నెత్తిన పెట్టేవాడు. వీళ్లను చిన్న బండివాళ్లని జాలిపడి వదిలేయడానికి వీల్లేదు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్రం లెక్క. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. తప్పు ఎవరిదని తర్వాత కోర్టులో తేల్చుకోవచ్చు. శక్తి మహర్షికి ఆ అవకాశం కూడా దక్కలేదు.

అలాగని ఇద్దరికీ సమానంగా తప్పు పంచి చేతులు దులుపుకోను. బండి పెద్దదైన కొద్దీ బాధ్యత పెద్దది. దీనికి సాక్ష్యం అరణ్యపర్వంలో ఉంది. అష్టావక్రుడు ఇంకా పిల్లవాడు, జనకుడి యజ్ఞానికి పోతున్నాడు. రాజు ఎదురొచ్చాడు, పక్కకు తప్పుకోమన్నారు. చూపు లేనివాడికి, వినపడనివాడికి, స్త్రీకి, బరువు మోసేవాడికి దారివ్వాలని ఆ పిల్లవాడు రాజుకే పాఠం చెప్పాడు. బ్రాహ్మణుడు ఎదురైతే రాజు కూడా తప్పుకోవాలన్నాడు. కులం మాట ఆ కాలానికి వదిలేద్దాం. మిగిలిన జాబితా మాత్రం నేటికీ చెల్లుతుంది. జనకుడు వాదించలేదు. దారిచ్చాడు. అందుకు ఆయన రాజ్యమేమీ తరిగిపోలేదు.

బరువు మోసేవాడంటే మన ప్రాంతంలో ఎవరో వేరే చెప్పాలా? తెల్లవారకముందే టీవీఎస్ ఎక్సెల్ మీద ముందొకటి, వెనక రెండు టమోటా బాక్సులు కట్టుకుని మదనపల్లె మార్కెట్‌కు పోయే రైతు. ఎదురుగా కారు హైబీమ్ వేసుకుని వస్తే ఆ మనిషి కళ్లకు రోడ్డు కనపడదు, బరువుతో బండి పక్కకు తిప్పడమూ కుదరదు. కారులో వేలు కదిపి లైటు డిమ్ చేయడానికి ఎంత కష్టం? హార్సిలీ హిల్స్ ఘాట్‌లోనూ ఇంతే. కేంద్రం 2017లో తెచ్చిన డ్రైవింగ్ నిబంధనల ప్రకారం, రెండు బళ్లు పట్టని ఏటవాలు దారిలో కిందికి దిగేవాడు ఆగి పైకి ఎక్కేవాడికి దారివ్వాలి. కష్టపడుతున్నది ఎవరైతే దారి వాళ్లది. అష్టావక్రుడు చెప్పిందీ అదే కదా. ఆదివారాలు కొండ దిగే కార్లు చూస్తే ఈ మాట ఎవరికీ చేరినట్టు లేదు.

గుద్ది ఆగకుండా పోయేవాళ్ల గురించి రాయాలంటే నాకు చెయ్యి రాదు. దెబ్బ తగిలిన మనిషికి వైద్యం అందేలా చూడటం డ్రైవరు విధి అని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ చెబుతోంది. చట్టం లేకపోయినా చేయాల్సిన పని అది.

కొత్త బండి కొంటే మనవాళ్లు ముందు బోయకొండ గంగమ్మ దగ్గరికో, కాణిపాకానికో తీసుకుపోతారు. మంచిదే. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు, తాళాలు దేవుడి పాదాల దగ్గర పెడతారు, బొట్టు పెడతారు, దండ వేస్తారు. అక్కడి నుంచి అదే బండి మీద ముగ్గురు ఎక్కి, హెల్మెట్ లేకుండా కొండ దిగుతారు. కారువాళ్లు సీటు బెల్టును సీటు వెనక్కు బిగించి, అలారం అరవకుండా దాని నోరు నొక్కేస్తారు. పూజ దేవుడికి, మొండితనం మనకు. ఎదుటివాడి ప్రాణం కాపాడమని మొక్కుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అందరం మన బండికి ఏమీ కాకూడదనే మొక్కుతాం.

దసరా నవమి నాడు ఆయుధపూజకు బళ్లన్నీ కడుగుతారు. లారీల ముందు, కార్ల ముందు బూడిద గుమ్మడికాయలు నడిరోడ్డు మీద పగులుతాయి. దిష్టి పోయిందని కారువాడు వెళ్లిపోతాడు. ఆ కుంకుమ నీళ్ల మీద, ఆ గుజ్జు మీద జారి పడేది వెనకొచ్చే బైకు. పెద్ద బండి దిష్టిని చిన్న బండికి అంటగట్టే పూజ ఏ దేవత అడిగింది? ఈసారి కాయను రోడ్డు దిగి పక్కన కొట్టండి. నడిరోడ్డు మీద కొట్టినవాళ్లు ముక్కలు ఏరి, నీళ్లు పోసి తుడిచి, అప్పుడు బండి తీయండి.